పిల్లల గురక వెనక స్లీప్ ఆప్నియా: గుర్తించడం నుంచి చికిత్స దాకా ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

"మా బాబు రోజూ గురక పెడతాడు, డాక్టర్‌కు చూపించాలా?" వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వైపు తల్లిదండ్రులు పదేపదే అడిగే ప్రశ్న ఇది. చాలా ఇళ్లలో నాయనమ్మలు "ఆడి ఆడి అలిసిపోయిండు, మంచిగ గుర్రు పెట్టి పండుకున్నడు" అని సంతోషపడతారు. గురకను గాఢనిద్రకు గుర్తు అనుకోవడం వల్ల చికిత్స ఏళ్ల తరబడి ఆలస్యమైన పిల్లలు ఉన్నారు.

స్లీప్ ఆప్నియా అంటే నిద్రలో శ్వాస మాటిమాటికీ ఆగిపోవడం, లేదా బాగా తగ్గిపోవడం. పిల్లల్లో దీన్ని పట్టుకోవడానికి మొదట పనికొచ్చేది ఇంట్లో వాళ్ల కళ్లు, చేతిలోని ఫోన్. డాక్టర్ పగలు చూస్తాడు, జబ్బు రాత్రి కనిపిస్తుంది. అందుకే కింది వరుసలో గమనించడానికే ఎక్కువ చోటిచ్చాను.

1. ముందు ఇది చూడండి: ఆగకూడని సందర్భాలు

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతా మెట్లు పక్కన పెట్టి వెంటనే 108కు ఫోన్ చేయండి, లేదా దగ్గరలోని పెద్దాసుపత్రికి వెళ్లండి.

- పెదవులు, నాలుక, గోళ్లు నీలంగా మారడం
- మెలకువగా ఉన్నప్పుడు కూడా ఊపిరి కోసం కష్టపడటం, డొక్కలు ఎగరేయడం
- లేపినా సరిగ్గా లేవకపోవడం, సోలిపోవడం
- ఏడాదిలోపు పసివాళ్లలో శ్వాస 20 సెకన్లు ఆగడం, లేదా ఆగినప్పుడు రంగు మారి ఒళ్లు వదిలేయడం

నెలల పిల్లలు నిద్రలో 5, 10 సెకన్లు ఊపిరి ఆపి మళ్లీ వేగంగా తీసుకోవడం చాలావరకు మామూలే. రంగు మారితే మాత్రం మామూలు కాదు.

2. ఏ గురకను పట్టించుకోవాలి

జలుబు చేసినప్పుడు నాలుగు రాత్రులు గురక పెట్టి, అది తగ్గగానే ఆగిపోతే టెన్షన్ పడక్కర్లేదు. జలుబు లేకపోయినా వారంలో 3 రాత్రులు లేదా అంతకన్నా ఎక్కువ గురక వస్తుంటే దాన్ని వదలకూడదు.

లోపల జరిగేది ఇది. గొంతుకు రెండు పక్కలా టాన్సిల్స్, ముక్కు వెనక అడినాయిడ్స్ అనే మెత్తటి కండ ఉంటాయి. 2 నుంచి 8 ఏళ్ల మధ్య ఇవి గొంతు సైజుతో పోలిస్తే పెద్దగా ఉంటాయి. నిద్రలో కండరాలు సడలగానే అసలే సన్నంగా ఉన్న గాలి దారి, మెత్తటి పైపును గట్టిగా పీల్చినప్పుడు అతుక్కున్నట్టు మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడి కాస్త లేపుతుంది, దారి తెరుచుకుంటుంది. రాత్రంతా ఇదే జరుగుతున్నా పిల్లలకు పొద్దున ఏదీ గుర్తుండదు.

గురక పెట్టే పిల్లలందరికీ ఈ జబ్బు ఉండదు. అలాగే జబ్బు ఉన్న కొందరు పెద్దగా గురక పెట్టరు, బరువుగా శబ్దంతో ఊపిరి తీస్తారు అంతే. గురక ఎంత గట్టిగా ఉందనేది కొలమానం కాదు.

3. మూడు రాత్రుల పరిశీలన

పిల్లలకు జలుబు, జ్వరం లేని మూడు రాత్రులు ఎంచుకోండి. వరసగా ఉండాల్సిన పని లేదు. ఇంట్లో అత్త, మామ, బాపు అందరూ పంచుకుంటే ఎవరికీ నిద్ర పాడుకాదు.

ఎప్పుడు చూడాలి: పడుకున్న గంటన్నర తర్వాత ఒకసారి, తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య ఇంకోసారి. రెండోదే ముఖ్యం. కలలు వచ్చే నిద్ర రాత్రి చివరి భాగంలో ఎక్కువ, ఆ నిద్రలో కండరాలు ఇంకా సడలుతాయి. పది గంటలకు చూసి "బాగానే ఉంది" అనుకునే ఇళ్లలో నాలుగు గంటలకు వేరే దృశ్యం ఉండొచ్చు.

ఎలా సిద్ధం కావాలి:

- చొక్కా విప్పండి, లేదా పైకి జరపండి. ఛాతీ, పొట్ట రెండూ కనిపించాలి
- బెడ్‌లైట్ చాలు, ముఖం మీద టార్చ్ కొట్టకండి
- కూలర్ చప్పుడులో గురక వినపడదు. రికార్డు చేసే రెండు మూడు నిమిషాలు ఆపండి
- పిల్లలు ఎలా పడుకున్నారో అలాగే వదిలేయండి, సర్దకండి
- ముఖం, మెడ, ఛాతీ, పొట్ట ఒకే ఫ్రేములో వచ్చేలా 2–3 నిమిషాల వీడియో తీయండి

వీడియోలో ముఖం మాత్రమే తీసి తేవడం దాదాపు అందరూ చేసే పొరపాటు. గురక వినిపిస్తుంది కానీ ఛాతీ ఎలా కదులుతోందో డాక్టర్‌కు తెలియదు. అసలు సమాచారం ఛాతీ దగ్గరే ఉంటుంది.

ఏం చూడాలి:

- గురక మధ్యలో హఠాత్తుగా నిశ్శబ్దం, ఛాతీ మాత్రం ఊపిరి కోసం కదులుతూ ఉండటం, తర్వాత ఉక్కిరిబిక్కిరైనట్టు పెద్ద శబ్దంతో గాలి పీల్చడం
- ఊపిరి తీసినప్పుడు పొట్ట పైకి లేస్తూ ఛాతీ లోపలికి పోవడం
- పక్కటెముకల మధ్య, మెడ కింది గుంటలో చర్మం లోపలికి లాగడం
- నోరు తెరిచి పడుకోవడం
- మెడ బాగా వెనక్కి వాల్చడం, మోకాళ్ల మీద బోర్లా ఒదిగి పడుకోవడం, లేదా కూర్చుని నిద్రపోవడం
- చలికాలంలో కూడా తల, మెడ చెమటతో తడిసిపోవడం
- మంచమంతా దొర్లడం, దుప్పటి కాళ్ల దగ్గర చుట్టలై ఉండటం

శ్వాస ఎంతసేపు ఆగితే లెక్క? పెద్దవాళ్లకు 10 సెకన్లు అంటారు. నెలల పసివాళ్లను పక్కన పెడితే, పిల్లలకు రెండు ఊపిరులు తప్పినంత సేపు ఆగినా లెక్కే. 5, 6 సెకన్లే కదా అని కొట్టిపారేయకండి.

ప్రతి వీడియోకు ఒక చీటీ రాయండి: తేదీ, టైము, వెల్లకిలా ఉన్నారా పక్కకా, ఆ రోజు ముక్కు మూసుకుపోయిందా. ఇంతే చాలు.

కరోనా రోజుల్లో కొన్న ఆక్సిజన్ మీటర్ ఉంది కదా, దాంతో చూడొచ్చా అని చాలామంది అడుగుతారు. పెద్దవాళ్ల క్లిప్పు చిన్న వేలికి సరిగ్గా పట్టదు. పైగా అది ఆ క్షణం అంకె చెబుతుంది, పడిపోయే క్షణాన్ని మీరు పట్టుకోలేరు. 98 కనిపించింది కాబట్టి జబ్బు లేదు అనుకోవద్దు.

4. పగటి గుర్తులు

పెద్దవాళ్లకు ఈ జబ్బు ఉంటే పగలు కునికిపాట్లు పడతారు. పిల్లల్లో తరచూ దీనికి రివర్స్‌గా ఉంటుంది. నిద్ర చాలని పిల్లలు ఇంకా ఎగురుతారు, ఊరికే కోపం తెచ్చుకుంటారు, ఒకచోట కూర్చోరు. స్కూల్లో "అల్లరి పిల్లాడు", "చదువు మీద ధ్యాస లేదు" అనే పేరు వచ్చేస్తుంది. బెత్తం దెబ్బలు తినే పిల్లల్లో కొందరికి కావాల్సింది నిద్ర. ఏకాగ్రత సమస్యకు కౌన్సెలింగో మందులో మొదలుపెట్టే ముందు గురక సంగతి డాక్టర్‌కు చెప్పి తీరాలి.

టిక్ పెట్టుకోండి:

- పొద్దున లేపడం పెద్ద యుద్ధం, లేవగానే తలనొప్పి
- పక్క తడపడం ఆగిపోయి ఆరునెలలు దాటాక మళ్లీ మొదలవడం
- పగలు కూడా నోటితో ఊపిరి, ముక్కుతో మాట్లాడినట్టు గొంతు
- ముద్ద మింగడానికి చాలాసేపు పట్టడం, గట్టి పదార్థాలు వద్దనడం
- వయసుకు తగ్గ బరువు, ఎత్తు పెరగకపోవడం
- ఆటోలో, బస్సులో ఎక్కగానే నిద్రలోకి జారిపోవడం

పెరగడం లేదని టానిక్కులు మార్చి మార్చి పోసే తల్లులను చూస్తే బాధేస్తుంది. రాత్రంతా ఊపిరి కోసం కష్టపడే ఒంటికి తిన్నది అక్కడే ఖర్చవుతుంది, ఎదుగుదల హార్మోన్ విడుదలయ్యే గాఢనిద్ర కూడా చెదిరిపోతుంది.

పిల్లలు గురుకులంలో ఉంటే రాత్రి మీకు కనిపించదు. దసరా, సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మొదటి వారంలోనే మూడు రాత్రులు చూడండి. పక్క మంచం పిల్లలను అడగండి, వాళ్లు దాచకుండా చెబుతారు. హాస్టల్‌లో పక్క తడుపుతున్నందుకు శిక్షిస్తుంటే వార్డెన్‌తో విడిగా మాట్లాడండి.

5. ఎవరి విషయంలో తొందరపడాలి

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు గురక ఉన్నా లేకున్నా 4 ఏళ్లలోపు ఒకసారి నిద్ర పరీక్ష చేయించాలని పిల్లల వైద్య నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. చిన్న దవడ, గ్రహణం అంగిలి (నోటి పైకప్పు చీలి ఉండటం), కండరాల బలహీనత, ఎక్కువ బరువు ఉన్నవారు కూడా ఈ జాబితాలో ఉంటారు.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్, ములుగు ఏజెన్సీ ప్రాంతాల కుటుంబాలు ఇంకోటి గుర్తుంచుకోవాలి. సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఉన్న పిల్లల్లో స్లీప్ ఆప్నియా ఎక్కువ. రాత్రి ఆక్సిజన్ పడిపోతే రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి నొప్పులు తిరగబెట్టే ప్రమాదం ఉంటుంది. ఆ పిల్లల్లో గురక వినిపిస్తే వచ్చే నెల చూద్దాం అనకండి.

6. ఎవరి దగ్గరికి, ఏం పట్టుకుని వెళ్లాలి

ముందు పిల్లల డాక్టర్, తర్వాత ఈఎన్‌టీ. ఈ వరుస ఎందుకంటే బరువు, గుండె, థైరాయిడ్, ఆస్తమా చూసేది పిల్లల డాక్టర్. వరంగల్ ఎంజీఎంలో ఈ రెండు విభాగాలూ ఉన్నాయి. హైదరాబాద్ వెళ్లాల్సి వస్తే ప్రభుత్వంలో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి, నీలోఫర్ ఉన్నాయి. స్కూలుకు, అంగన్‌వాడీకి పిల్లలను పరీక్షించడానికి వచ్చే ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పథకం వైద్య బృందానికి చెప్పినా పెద్దాసుపత్రికి రాసిస్తారు.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ప్రతిసారీ యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేయించడం ఆపండి. టాన్సిల్స్ ఇన్ఫెక్షన్ వచ్చి వాచడం వేరు, ఇన్ఫెక్షన్ లేకుండా పెద్దవై గాలిని అడ్డుకోవడం వేరు. రెండో దానికి యాంటీబయాటిక్ పని చేయదు.

సంచిలో ఉండాల్సినవి:

- వీడియోలు, చీటీలు. ఫోన్ తెచ్చే మనిషి తప్పకుండా రావాలి
- ఎత్తు, బరువు రాసిన పాత కార్డులు
- ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు, ఖాళీ సీసాలు
- ఇంట్లో ఎవరికైనా పన్ను పీకితే, గాయమైతే రక్తం త్వరగా ఆగని సమస్య ఉంటే ఆ వివరం
- ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ వివరాలు

డాక్టర్ ముందు "గురక పెడతాడు" అని ఆగిపోకండి. "వారంలో ఇన్ని రాత్రులు, శ్వాస ఆగుతోంది, వీడియో ఉంది" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. ఓపీ రద్దీలో మీకు దొరికేది కొద్ది నిమిషాలే.

7. పరీక్షలు: ఏది ఏం చెబుతుంది

గొంతు చూసి టాన్సిల్స్ సైజును 1 నుంచి 4 దాకా గ్రేడ్ చేస్తారు. అడినాయిడ్స్ బయటికి కనిపించవు కాబట్టి పక్క నుంచి మెడ ఎక్స్‌రే, లేదా ముక్కులోంచి సన్నటి కెమెరాతో చూస్తారు. సైజుకూ జబ్బు తీవ్రతకూ నేరుగా లెక్క కుదరదు. గ్రేడ్ 2 ఉన్న పిల్లలకు తీవ్రమైన ఆప్నియా ఉండొచ్చు, గ్రేడ్ 4 ఉన్నవాళ్లు హాయిగా పడుకోవచ్చు.

ఖచ్చితంగా చెప్పేది రాత్రంతా చేసే నిద్ర పరీక్ష, పాలీసోమ్నోగ్రఫీ. తలకు, కళ్ల పక్కన, గడ్డం మీద చిన్న సెన్సర్లు అతికిస్తారు, ఛాతీకి, పొట్టకు బెల్టులు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు, ముక్కు దగ్గర సన్న గొట్టం పెడతారు. సూది గుచ్చరు, నొప్పి ఉండదు.

బుక్ చేసే ముందు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. ఈ వయసు పిల్లలకు చేస్తారా? తల్లి పక్కన ఉండొచ్చా? రిపోర్టును పిల్లల లెక్క ప్రకారం చదువుతారా?

ఆ రోజు సిద్ధం కావడం:

- తలంటి పోయండి, నూనె మాత్రం రాయొద్దు. నూనె ఉంటే సెన్సర్లు అతుక్కోవు
- మధ్యాహ్నం నుంచి టీ, కాఫీ, చాక్లెట్, కూల్‌డ్రింక్ వద్దు
- ఇంటి దుప్పటి, అలవాటైన బొమ్మ తీసుకెళ్లండి
- జలుబు, జ్వరం ఉంటే వాయిదా వేయండి
- నిద్ర పట్టడానికి దగ్గు సిరప్ పోయకండి

రిపోర్టులో ఏహెచ్ఐ అనే అంకె చూడండి. గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగింది లేదా బాగా తగ్గింది అనే లెక్క అది. పిల్లల్లో 1 కన్నా తక్కువ ఉంటే మామూలు, 1 నుంచి 5 స్వల్పం, 5 నుంచి 10 మధ్యస్థం, 10 దాటితే తీవ్రం. పెద్దవాళ్లకు 5 దాకా నార్మల్ అంటారు. అందుకే పెద్దల లెక్కతో చదివిన రిపోర్టులో 4 ఉన్న పిల్లలకు "నార్మల్" అని రావచ్చు. అలా వస్తే రిపోర్టు మొత్తం పట్టుకుని పిల్లల నిద్ర సమస్యలు తెలిసిన డాక్టర్‌కు చూపించండి.

నిద్ర పరీక్ష అందుబాటులో లేకపోతే రాత్రంతా ఆక్సిజన్ రికార్డు చేసే పరికరం పెడతారు. అందులో తేడా కనిపిస్తే నిర్ణయానికి పనికొస్తుంది, కనిపించకపోతే జబ్బు లేదని తేల్చలేం. మిగతా ఆరోగ్యం బాగుండి, టాన్సిల్స్ పెద్దవిగా ఉండి, లక్షణాలు స్పష్టంగా ఉన్న పిల్లలకు చాలామంది డాక్టర్లు నిద్ర పరీక్ష లేకుండానే ఆపరేషన్ సలహా ఇస్తారు. 5వ మెట్టులో చెప్పిన పిల్లలకు మాత్రం పరీక్ష అడిగి చేయించుకోవాలి.

8. స్వల్పంగా ఉంటే: మందులు, ఇల్లు

ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే 6 నుంచి 12 వారాలు ఇస్తారు. స్టెరాయిడ్ అనగానే భయపడి నాలుగు రోజులకే ఆపేస్తారు. డాక్టర్ చెప్పిన మోతాదులో ఇది ఎక్కువగా ముక్కు లోపలే పని చేస్తుంది, గుణం కనిపించడానికి వారాలు పడుతుంది.

కొట్టే పద్ధతి:

1. ముందు ఉప్పునీటి డ్రాప్స్ వేసి ముక్కు చీదించండి.
2. తల కొంచెం ముందుకు వంచాలి, వెనక్కి వాల్చకూడదు.
3. కుడి ముక్కుకు ఎడమ చేయి, ఎడమ ముక్కుకు కుడి చేయి వాడండి. మొన చెవి వైపు ఉండాలి. మధ్య గోడ మీద పడితే మంట పుట్టి రక్తం కారుతుంది.
4. మెల్లగా పీల్చమనండి. గట్టిగా పీలిస్తే మందు గొంతులోకి పోతుంది.

మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే ముక్కు దిబ్బడ డ్రాప్స్ వేరు. రెండు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది కాబట్టి అదే మంచి మందు అనిపిస్తుంది. 3 నుంచి 5 రోజులు దాటి వాడితే దిబ్బడ ఇంకా పెరుగుతుంది.

కొందరికి మాంటెలుకాస్ట్ మాత్ర కూడా రాస్తారు. దాని ప్రభావం మనసు మీద పడొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో గట్టి హెచ్చరిక పెట్టింది. పీడకలలు, ఏడుపు, కొత్తగా కోపం కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పండి.

ఇంట్లో చేయాల్సినవి సూటిగా: పడుకునే గదిలో దోమల కాయిల్, అగర్‌బత్తి, సిగరెట్ పొగ ఉండొద్దు, దోమతెర కట్టండి. దుప్పట్లు వారానికోసారి వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఇళ్లలో తంబాకు చాట పిల్లలు పడుకునే గదిలో పెట్టకండి, ఆ దుమ్ము ముక్కును రేపుతుంది. బరువు ఎక్కువ ఉంటే పిల్లలను ఒక్కరినే మాడ్చకుండా ఇంటిల్లిపాదీ కూల్‌డ్రింకులు, ప్యాకెట్ చిరుతిళ్లు మానేయాలి.

3 నుంచి 5 ఏళ్ల పిల్లలకు రోజుకు 10–13 గంటలు, 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకు 9–12 గంటల నిద్ర కావాలి. సీరియళ్లు అయ్యేదాకా మేల్కొనే ఇంట్లో ఏ మందూ పూర్తి ఫలితం ఇవ్వదు.

గడువు రాసుకోండి. మూడు నెలలు వాడినా శ్వాస ఆగుతూనే ఉంటే స్ప్రేతోనే నెట్టుకురావడం సరికాదు.

9. ఆపరేషన్: ముందు, ఆ రోజు, ఆ తర్వాత రెండు వారాలు

టాన్సిల్స్, అడినాయిడ్స్ పెద్దవిగా ఉన్న పిల్లల్లో మధ్యస్థ, తీవ్ర ఆప్నియాకు మొదటి చికిత్స రెంటినీ తీసేయడమే. అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లల మీద జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో ఏడు నెలల తర్వాత చూస్తే, ఆపరేషన్ చేసినవారిలో 79 శాతం మందికి నిద్ర పరీక్ష నార్మల్‌కు వచ్చింది. చేయకుండా గమనిస్తూ ఉంచినవారిలో 46 శాతం మందికి వచ్చింది. అంటే స్వల్పంగా ఉన్న పిల్లల్లో కొన్ని నెలలు ఆగి చూడటం కూడా న్యాయమైన దారే. అలాగే ఆపరేషన్‌తో అందరికీ పూర్తిగా పోదు.

"టాన్సిల్స్ తీస్తే రోగాలను తట్టుకునే శక్తి పోతుంది" అనే భయం చాలా ఇళ్లలో ఉంది. ఒంట్లో ఆ పని చేసే భాగాలు ఇంకా చాలా ఉన్నాయి. గొంతు కొన్ని వారాలు మారినట్టు అనిపించి సర్దుకుంటుంది.

ముందుగా అడగాల్సినవి, చెప్పాల్సినవి:

- ఆప్నియా ఉందని మత్తు డాక్టర్‌కు మీరే నోటితో చెప్పండి, వీడియో చూపించండి
- 3 ఏళ్లలోపు, తీవ్రమైన ఆప్నియా, ఎక్కువ బరువు, డౌన్ సిండ్రోమ్, గుండె జబ్బు ఉన్న పిల్లలను ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచాలి. అక్కడ పిల్లల ఐసీయూ ఉందా అని అడగండి
- సికిల్ సెల్ ఉంటే రక్త వైద్యుడితో మాట్లాడకుండా తేదీ ఖాయం చేయొద్దు
- ఊగుతున్న పాలపన్ను, గత రెండు వారాల్లో వచ్చిన జలుబు, జ్వరం, వాడుతున్న నాటు మందులు
- అన్నం, పాలు ఆపాల్సిన టైము. మామూలుగా అన్నం, పాలు 6 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపుతారు. మీ డాక్టర్ చెప్పిందే పాటించండి
- ఆరోగ్యశ్రీలో వస్తుందా అని చేరకముందే ఆసుపత్రిలో ఆ పథకం వివరాలు చెప్పే ఆరోగ్యమిత్ర దగ్గర అడగండి

ఇంటికి వచ్చాక నొప్పి రోజురోజుకూ తగ్గుతుందని అనుకుంటారు. అలా జరగదు. 5 నుంచి 7వ రోజు మధ్య పొక్కు ఊడేటప్పుడు నొప్పి మళ్లీ పెరుగుతుంది. ఇది తెలియక ఆ వారంలో మందులు మానేస్తారు, పిల్లలు నీళ్లు మానేస్తారు, ఒంట్లో నీరు తగ్గి ఆసుపత్రి దారి పడతారు.

మామూలుగా కనిపించేవి: గొంతులో తెల్లటి పొర, నోటి వాసన, చెవి నొప్పి, కొద్దిపాటి జ్వరం, వాపు వల్ల వారం పది రోజులు గురక. తెల్లటి పొరను చీము అనుకుని వేలితో, దూదితో గీకకండి.

రోజువారీ:

- నొప్పి మందు డాక్టర్ బరువును బట్టి రాసిన మోతాదులో, మొదటి రోజులు టైముకు ఇవ్వండి. నొప్పి పెరిగాక ఇస్తే మింగనివ్వరు
- కోడీన్, ట్రమడాల్ ఉన్న మందులు, ఆస్పిరిన్ వద్దు. కోడీన్ దగ్గు సిరప్‌లో కూడా ఉండొచ్చు. ఈ ఆపరేషన్ అయిన పిల్లలకు అది శ్వాసను అణిచివేయగలదు
- గుటక గుటకగా నీళ్లు, మజ్జిగ, చల్లారిన రాగి జావ. 6–8 గంటలకు ఒకసారైనా మూత్రం రావాలి
- పెరుగన్నం, కిచిడీ, పాలలో నానిన ఇడ్లీ సరే. సకినాలు, సర్వపిండి, పచ్చిపులుసు రెండు వారాలు పక్కన పెట్టండి
- పరుగులు, సైకిలు, ఈత రెండు వారాలు వద్దు

ఎర్రటి తాజా రక్తం ఎంత కొంచెం కనిపించినా, రక్తం వాంతి అయినా అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి. మొదటి 24 గంటల్లో, మళ్లీ 5 నుంచి 10 రోజుల మధ్య ఈ ప్రమాదం ఎక్కువ. అందుకే ఆపరేషన్ అయిన మూడో రోజే పిల్లలను తీసుకుని ఏటూరునాగారం అవతల అమ్మమ్మ ఊరికి వెళ్లడం మంచిది కాదు. రెండు వారాలు పెద్దాసుపత్రికి అరగంట, ముప్పావు గంటలో చేరగలిగే చోటే ఉండండి.

10. సీప్యాప్ అవసరమైతే

ఆపరేషన్ తర్వాత కూడా శ్వాస ఆగుతున్నవారికి, ఆపరేషన్ కుదరనివారికి మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం ఇస్తారు. మొదటి రాత్రే మాస్కు బిగిస్తే పిల్లలు పీకేస్తారు, మర్నాటి నుంచి చూస్తేనే ఏడుస్తారు. నెమ్మదిగా అలవాటు చేయండి: కొన్ని రోజులు బొమ్మకు పెట్టి ఆడుకోవడం, తర్వాత యంత్రం లేకుండా టీవీ చూస్తూ మాస్కు, తర్వాత మెలకువలో గాలితో, తర్వాత మధ్యాహ్నం నిద్రలో, ఆఖరున రాత్రి.

తేమ కోసం పోసే నీళ్లు డిస్టిల్డ్ వాటర్ అయి ఉండాలి, బోరు నీళ్లతో తెల్లటి పొర కడుతుంది. మాస్కు రోజూ సబ్బునీటితో కడగండి. కరెంటు పోయే ఊళ్లో ఇన్వర్టర్ మీద నడుస్తుందా అని కొనేముందే అడగండి. పిల్లల ముఖం పెరుగుతుంది కాబట్టి మాస్కు సైజు, గాలి ఒత్తిడి కొన్ని నెలలకోసారి సరిచూడాలి.

అంగిలి ఇరుకుగా ఉన్న కొందరికి పళ్ల డాక్టర్ అంగిలిని వెడల్పు చేసే పరికరం పెడతారు. ఇది అందరికీ సరిపోయేది కాదు, పరీక్షించి చెప్పాల్సిందే.

11. మళ్లీ చూడటం

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇది. గురక తగ్గింది కదా అని మళ్లీ వెళ్లరు.

ఆపరేషన్ తర్వాత 6–8 వారాలకు మళ్లీ మూడు రాత్రులు, అవే టైముల్లో వీడియో తీయండి. పాత వీడియో పక్కన పెట్టి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. ముందు తీవ్రంగా ఉన్నవారికి, బరువు ఎక్కువ ఉన్నవారికి, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి గురక లేకపోయినా నిద్ర పరీక్ష మళ్లీ చేయించాలి. చిన్న వయసులో తీసిన అడినాయిడ్స్ కొందరిలో మళ్లీ పెరుగుతాయి.

బరువు నెలనెలా రాయండి. ఎదగని పిల్లలు ఆపరేషన్ తర్వాత పుంజుకుంటారు, అది మంచిదే. ముందే లావుగా ఉన్నవాళ్లు ఇంకా పెరిగితే జబ్బు తిరగబెట్టొచ్చు.

స్కూల్లో టీచర్‌కు చికిత్స సంగతి చెప్పి, రెండు నెలల తర్వాత తరగతిలో మార్పు ఏమైనా ఉందా అని అడగండి. పక్క తడపడం, చిరాకు, ఉదయం తలనొప్పి తగ్గాయా అని 4వ మెట్టులోని జాబితా మీద మళ్లీ టిక్ పెట్టండి. శ్వాస బాగుపడి కూడా ఏకాగ్రత రాకపోతే దానికి వేరే కారణం ఉండొచ్చు, అప్పుడు పిల్లల డాక్టర్‌తో ఆ విషయం విడిగా మాట్లాడాలి.